మిద్దె దించి రేకులు వేస్తే

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవున్న గది మీది మట్టిమిద్దెను తూకం వేయగలిగితే ఎంత తూగుతుంది? అడుగు మందాన మన్ను ఉందనుకుంటే ఆ మన్నే అయిదు టన్నులు దాటుతుంది. దాని కింద పరిచిన అంగుళంన్నర నాపబండలు ఇంకో టన్ను. దూలాలు, వాటి మీద అడ్డంగా వేసే దంతెల బరువు వేరే. అదే గదికి అర మిల్లీమీటరు ఇనుప రేకులు కప్పితే మొత్తం కలిపి యాభై కిలోలు. అంటే ఒక్క సిమెంటు మూట. కడప, అనంతపురం, కర్నూలు పల్లెల్లో పాత మిద్దె దించి రేకులు వేసుకుంటున్నవాళ్ల ఇళ్లల్లో జరిగే మార్పు ఇదే. తక్కిన మంచిచెడ్డలు చాలావరకు ఈ బరువు తేడాలోంచే పుడతాయి.

మిద్దెను తక్కువ అంచనా వేయకూడదు. బండల మీద మామూలు ఎర్రమన్ను పోస్తే మొదటి వానకే ఉరుస్తుంది. అందుకే పైన చౌడు పోసేవాళ్లు. చౌడులో సోడియం ఎక్కువ. మంచి నేలలో బంకమన్ను పలకల్ని కాల్షియం గుంపులుగా పట్టి ఉంచుతుంది, ఆ గుంపుల సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. సోడియానికి ఆ పట్టు లేదు. తడి తగలగానే పలకలు విడివిడిగా చెదిరి, సన్నటి రేణువులు పోయి ప్రతి సందునూ మూసేస్తాయి. నాలుగు చినుకులు పడేసరికి మిద్దె పైపొర తనంతట తానే మూసుకుపోతుంది, ఆ తర్వాతి వానంతా గొట్టంలోంచి వీధిలోకి పోతుంది. చౌడు పొలంలో పైరు ఎదగకపోవడానికి కూడా ఇదొక పెద్ద కారణం, నీరు కిందికి దిగదు. రైతు అక్కడ జిప్సం చల్లేది సోడియాన్ని వెళ్లగొట్టి కాల్షియాన్ని కూర్చోబెట్టడానికే. పంటకు పనికిరాని మన్నును ఏరి తెచ్చి నెత్తిన పోసుకున్నవాళ్ల తెలివి నాకైతే ఇప్పటికీ గొప్పగానే కనిపిస్తుంది.

చిక్కల్లా ఏటా కొత్త చౌడు పోయాల్సి రావడంలో ఉంది. పాతది వానకు కొంత కొట్టుకుపోతుంది, కానీ పోయినదానికంటే పోసినదే ఎక్కువ. తాతల నాటి దూలం మీద మనవళ్ల నాటికి మన్ను మందం పెరిగిపోతుంది. మూడు రోజులు ముసురు పట్టిందంటే సన్నటి పగుళ్ల గుండా నీరు లోపలికి చేరుతుంది. పొడి మన్ను బరువులో పదో వంతు నీళ్లు పట్టినా, పైన చెప్పిన గది మీద ఇంకో అర టన్ను పెరిగినట్టే. దూలం గోడలోకి దిగే కొన దగ్గర చెద పట్టి ఉంటుంది, అది పైకి కనబడదు. పాత మిద్దెలు గాలికి పోవు, ముసురులో కూలతాయి. కాబట్టి దూలాలు పాడైనచోట మిద్దె దించడమే మేలు. అందులో నాకు రెండో మాట లేదు.

అసలు గొడవ ఎండతో. పగటి వేడి మన్నులో నిదానంగా నడుస్తుంది. అడుగు మందం దాటడానికి దానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది, ఆ దారిలోనే చాలా భాగం సద్దుమణిగిపోతుంది. మధ్యాహ్నపు సెగ ఇంట్లోకి దిగేది రాత్రికి, అదీ నీరసంగా. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దెపైకెక్కి పడుకుని ఉంటారు. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు ఇదే వేడిని మూడు నాలుగు గంటల్లో కిందికి దించుతుంది, సరిగ్గా సాయంత్రం ఇంటికొచ్చే వేళకు. రేకుకు గంటలు అక్కర్లేదు, ఎండ తగిలిన క్షణంలోనే దింపుతుంది. చీకటి పడ్డాక అంతే తొందరగా చల్లబడుతుంది కూడా. రాత్రి తొమ్మిదికి స్లాబు ఇంటికంటే రేకుల ఇల్లే హాయి అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

మే నెల మిట్టమధ్యాహ్నం రేకు అరవై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఫ్యాను ఎంత తిప్పినా తల మీద కాలుతున్నట్టే ఉంటుంది. గాలి వేడెక్కడం ఒక్కటే దీనికి కారణం కాదు. రేకు కిందివైపు నుంచి పరారుణ కిరణాలు, అంటే కంటికి కనబడని వేడి కిరణాలు, నేరుగా ఒంటి మీద పడుతుంటాయి, ఫ్యాను గాలి వాటిని ఆపలేదు.

ఇక్కడ చాలామంది తళతళలాడే రేకు కొంటే ఎండ వెనక్కి పోతుందనుకుంటారు. కొత్త జింకు రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, కాదనను. కానీ మెరిసే లోహానికి ఒక గుణం ఉంది. మింగిన కొద్దిపాటి వేడిని పరారుణంగా బయటికి విడవడంలో అది పరమ పిసినారి. తెల్లరంగు ఎండను తిప్పికొడుతుంది, మింగినదాన్ని ఆకాశంలోకి ధారాళంగా వదిలేస్తుంది కూడా. అందుకే అదే ఎండలో మెరిసే రేకుకంటే తెల్ల రేకు చల్లగా ఉంటుంది. ముదురు నీలం, ఇటుక రంగు రేకులు చూడ్డానికి బాగుంటాయి, అంతే.

లోహపు పిసినారితనం మనకు పనికొచ్చేది కిందివైపు. రేకు కింద రెండు మూడంగుళాల ఖాళీ వదిలి, వెండిరేకులాంటి పొర ఉన్న షీటును మెరిసే ముఖం ఖాళీవైపు ఉండేలా కట్టాలి. రెండువైపులా మెరిసేదైతే ఇంకా మంచిది, కింది ముఖం మీద దుమ్ము పడదు కాబట్టి దాని మెరుపు చాలా ఏళ్లు నిలుస్తుంది. పైన తెలుపు, కింద మెరుపు. షీటు తిరగేసి కడుతున్నావని మేస్త్రీతో గొడవపడాల్సొచ్చినా సరే.

తెలుపు అన్నాను గదా అని సున్నం కొట్టేయకండి. స్లాబుకు, మిద్దెకు సున్నం భేషైనది. తడి సున్నం గట్టి క్షారం, జింకునూ అల్యూమినియాన్నీ రెంటినీ తింటుంది. ఇప్పటి రేకుల మీద సాధారణంగా ఉండే పూతలో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, మిగిలింది సిలికాన్. రేకులకని చేసిన తెల్లరంగే వాడాలి. కోత విషయంలో కూడా ఇలాంటిదే ఒక జాగ్రత్త ఉంది. గ్రైండరుతో కోస్తే ఆ వేడికి అంచున పూత మాడుతుంది. ఎగిరిపడ్డ ఇనుప రజను రేకుమీదే ఉండిపోతే, రాత్రి మంచు పడ్డాక తెల్లారేసరికి నారింజరంగు చుక్కలు తేలతాయి. కత్తెరతో కోయించి, ఎక్కడైనా రజను పడితే ఆ సాయంత్రమే ఊడ్పించాలి.

ఇక గాలి. వానాకాలానికి ముందు, ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివాన గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకుందనుకోండి. దాని ఒత్తిడి చదరపు మీటరుకు 47 కిలోల బరువుతో సమానం. మన గది కప్పు మొత్తానికి లెక్కేస్తే అర టన్ను పైమాటే, అది కూడా పైకి లాగే దిశలో. చూరు దగ్గర, మూలల్లో ఇంకా ఎక్కువ. రేకు బరువు యాభై కిలోలు. మిద్దె తన బరువుతోనే కూర్చునేది, రేకును పట్టి కూర్చోబెట్టాలి. రేకుల మీద రాళ్లు, ఇసుక మూటలు పెట్టడం ఊళ్లల్లో మామూలే గానీ, అవి చాలవు సరికదా, రేకు లేచినప్పుడు కింద ఉన్నవాళ్ల మీద పడతాయి. స్క్రూ రేకును దాని కింది ఇనుప పైపుకు పట్టాలి, పైపు గోడను పట్టాలి. పైపును గోడ మీద ఊరికే ఆనించి వదిలేస్తే రేకులు పైపులతో సహా లేచిపోతాయి.

పన్నెండడుగుల ఇనుప రేకు తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. పొద్దెక్కేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు వినబడే టకటకలు ఆ సాగుడువే. రోజూ ఇలా లాగి వదిలితే స్క్రూ రంధ్రం కోలగా మారుతుంది. రబ్బరు వాషర్ ఎండకు పెళుసెక్కితే అక్కడే కారుతుంది. కొన్నేళ్లకొకసారి వాషర్లు మార్చాలని ముందే అనుకోవాలి.

మిద్దె కాకుండా పాత సిమెంటు రేకులు తీసి ఇనుపవి వేస్తుంటే ఒక్క మాట. వాటిలో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని నూగు ఊపిరితిత్తులకు చేటు, క్యాన్సర్ కారకం. సుత్తితో పగలగొట్టి దించకుండా, నీళ్లు చల్లి తడిపి నిండు రేకుగా దించాలి.

మిద్దె ఇవ్వలేనిది రేకు ఇచ్చేది ఒకటుంది, అది నీళ్లు. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నాలుగు వందల చదరపు అడుగుల రేకు మీద అది ఇరవై వేల లీటర్లు. అయిదో వంతు అటూ ఇటూ పోయినా పదహారు వేలు దక్కుతాయి. చిన్న జల్లు పడితే మట్టిమిద్దె తానే తాగేస్తుంది, రేకు మీద అదే జల్లు చూరు వెంట బిగించిన గట్టర్లోకి జారుతుంది. దుమ్ముతో వచ్చే మొదటి వాన నీళ్లు పక్కకు వదిలేయడానికి గొట్టానికి ఒక మూత పెట్టించి, ఆ తర్వాతివి తొట్టిలోకి మళ్లించుకోవచ్చు. గట్టరు రేకులతో పాటే బిగించుకుంటే తేలిక, తర్వాత బిగించాలంటే చూరు స్క్రూలు మళ్లీ విప్పాల్సొస్తుంది.