కంటికి ఆనని బంతి

లాల్ బహదూర్ స్టేడియంలో 1996 ఫిబ్రవరి 16న వెస్టిండీస్, జింబాబ్వే జట్ల మధ్య ప్రపంచ కప్ పోటీ జరిగినప్పుడు మా నాన్నగారూ నేనూ పిచ్‌కు పక్కవాటుగా ఉన్న మెట్ల మీద, తలకు చేతిరుమాళ్ళు కట్టుకుని కూర్చున్నాం. కర్ట్లీ ఆంబ్రోస్ వేసిన తొలి బంతిని నేను చూశానని చెబితే అబద్ధమవుతుంది. ఆయన చేయి పైనుంచి కిందికి దిగడం చూశాను, ఆ వెంటనే వికెట్ కీపర్ చేతులు ఛాతీ దగ్గర మూసుకోవడం చూశాను. నడుమ ఏం జరిగిందో కంటికి ఆనలేదు. అంతకన్నా వింత ఏమిటంటే, బ్యాట్స్‌మన్ తల తిప్పి వెనక్కి చూడడం మొదలుపెట్టాకగానీ బంతి గ్లవ్స్‌లో పడిన చప్పుడు మా దాకా రాలేదు. నాన్నగారు వేలెత్తి, "ఇదిగో, ఇప్పుడొచ్చింది" అన్నారు. తరువాతి ఓవర్లలో మేమిద్దరం ఆట కన్నా ఆ ఆలస్యాన్నే ఎక్కువగా గమనించాం.

ఆ ఆలస్యానికి లెక్క తేలికే. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తుంది. పిచ్ నుంచి మేము కూర్చున్న చోటు 85 మీటర్ల దూరమనుకుంటే చప్పుడు మమ్మల్ని చేరడానికి పావు సెకను పడుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో పోయే బంతి అదే పావు సెకనులో 9 మీటర్లకు పైగా, అంటే దాదాపు సగం పిచ్ దూరం దాటిపోతుంది. ప్రేక్షకుడు చూసే ఆట ఒకటి, వినే ఆట మరొకటి అన్నమాట.

నాన్నగారికి ఈ ధ్యాస అంతకు ముప్పై ఏళ్ళ ముందే పట్టుకుంది. 1962లో భారత జట్టు వెస్టిండీస్‌లో అయిదు టెస్టులకు అయిదూ ఓడి వచ్చింది. బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. మనవాళ్ళకు నిజమైన వేగం అలవాటు కావాలన్న ఉద్దేశంతో క్రికెట్ బోర్డు ఆ ఏడాదే నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను దేశానికి రప్పించింది. అలా హైదరాబాద్ వాటాకు వచ్చినవాడు రాయ్ గిల్‌క్రిస్ట్. 1958-59 పర్యటనలో బీమర్లు, అంటే నేలను తాకకుండా నేరుగా తల మీదికి వచ్చే బంతులు వేసినందుకు సొంత కెప్టెనే ఆయనను మధ్యలో ఇంటికి పంపించేశాడు. అటువంటి మనిషి ఇక్కడి జట్టు తరఫున రంజీ ట్రోఫీ ఆడాడు. అప్పటికి కళాశాల విద్యార్థి అయిన నాన్నగారు ఫతే మైదాన్‌లో నెట్ వెనక నిలబడి ఆయన సాధన చూశారట. "బంతి కనిపించేది కాదురా, వినిపించేది" అన్నది నాన్నగారు అప్పటి నుంచీ చెబుతూ వచ్చిన మాట. ఆ మాటలో అతిశయోక్తి ఉందనే చాలాకాలం అనుకున్నాను. కంటి చూపు గురించి జరిగిన పరిశోధనలు చదివాక అందులో సగానికి పైగా నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది.

బౌలర్ వైపు క్రీజుకూ, బ్యాట్స్‌మన్ నిలబడే క్రీజుకూ మధ్య దూరం 58 అడుగులు, అంటే 17.68 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు. వేగం తగ్గకపోతే ఆ దూరానికి 0.45 సెకను చాలు. కానీ ఆ వేగంలో బంతిని వెనక్కి లాగే గాలి నిరోధం దాదాపు బంతి బరువంత ఉంటుంది. నేలను తాకినప్పుడు మరికొంత వేగం పోతుంది. అందుచేత బ్యాట్స్‌మన్‌కు దక్కేది ఇంచుమించు అర సెకను. దానిలోంచి, కన్ను చూసిన కొత్త విషయానికి చేతులు బదులివ్వడానికి పట్టే 0.2 సెకనును తీసివేయాలి. బ్యాట్‌ను పైకెత్తి కిందికి దించడానికి పట్టే సమయాన్ని కూడా తీసివేస్తే, ఏ బంతికి ఏ షాట్ ఆడాలో నిర్ణయించుకోవడానికి మిగిలేది రెప్పపాటు కాలమే.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ మెక్లియడ్ 1987లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టమైనది. ఆయన మ్యాటింగ్, అంటే పిచ్ మీద పరిచే చాప కింద సన్నని కర్రలు పరిచి, బంతి పడ్డాక ఎటు తిరుగుతుందో ముందుగా తెలియకుండా చేసి, అంతర్జాతీయ స్థాయి ఆటగాళ్ళ చేత ఆడించాడు. బంతి తిరిగిన క్షణం నుంచి సుమారు 0.2 సెకను దాకా వారి బ్యాట్ కదలికలో ఏ మార్పూ రాలేదు. అంటే మేటి ఆటగాడి నరాలు మామూలు మనిషి నరాల కన్నా చురుకైనవేమీ కావు. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో మ్యాటింగ్ మీద లీగ్ మ్యాచులు ఆడినవారెవరికైనా, చాప అంచు కింద చిన్న గులకరాయి ఉంటే ఏమవుతుందో ఈ ప్రయోగం చదవకుండానే తెలిసి ఉంటుంది.

మరి వారు ఎలా ఆడుతున్నారు? మెక్లియడ్, మైకేల్ లాండ్ కలిసి 2000లో బ్యాట్స్‌మన్ తలకు చిన్న కెమెరా అమర్చి చూపు ఎటు పోతోందో కనిపెట్టారు. బంతి వెలువడిన చోట చూపు ఒక క్షణం ఆగుతుంది. ఆ తరువాత బంతి వెంట రాకుండా, అది పడబోయే చోటికి ఒక్క గెంతున ముందే చేరి కాచుకుని ఉంటుంది. మంచి బ్యాట్స్‌మన్‌లో ఆ గెంతు తొందరగా జరుగుతుంది. నడిదారిలో బంతిని ఎవరూ నిలకడగా చూడడం లేదన్నమాట. గిల్‌క్రిస్ట్ బీమర్ అంత భయంకరం కావడానికి కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం: నేలను తాకని బంతికి పడే చోటే లేదు కనుక, కన్ను అలవాటుగా కిందికి దూకితే బంతి పైనుంచి ముఖం మీదికి వస్తుంది.

నేల వరకు వచ్చాక బంతి చేసే పనికి మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉంది. 1969 అక్టోబరులో ఇదే స్టేడియంలో న్యూజిలాండ్‌తో జరిగిన టెస్టులో, విశ్రాంతి రోజున కోయవలసిన పిచ్ మీది గడ్డిని కోయకుండా వదిలేశారు. ఆ తరువాత కోయడానికి న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం న్యాయమే. భారత జట్టు 89 పరుగులకు కుప్పకూలింది. రెండో ఇన్నింగ్స్‌లో 76 పరుగులకు 7 వికెట్లు పోయిన స్థితిలో వాన వచ్చి కాపాడింది. ఆ రోజు కొత్త బంతితో చెలరేగిన డేల్ హ్యాడ్లీ, తరువాతి కాలంలో జగత్ప్రసిద్ధుడైన రిచర్డ్ హ్యాడ్లీకి అన్న. ఉబ్బెత్తుగా ఉండే కుట్టు పచ్చిగడ్డిని పట్టుకున్నప్పుడు బంతి ఒక పక్కకు చీలుతుంది. అక్కడి నుంచి బ్యాట్‌కు చేరడానికి 0.2 సెకనుకు మించి ఉండదు. మెక్లియడ్ కర్రలు చేసిన పనే ఇక్కడ గడ్డి చేసింది.

ఆంబ్రోస్ ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. చేయి పైకెత్తితే బంతి వెలువడే చోటు సైట్ స్క్రీన్‌లో ఎక్కడో పైన ఉంటుంది. అంత ఎత్తు నుంచి వచ్చిన బంతి నేలను నిటారుగా తాకి నిటారుగా లేస్తుంది కనుక, ఇంకొకరు వేస్తే తొడ దగ్గరికి వచ్చే బంతి ఆయన వేస్తే పక్కటెముకల దాకా వస్తుంది. 1993 జనవరిలో పెర్త్ పిచ్ మీద 32 బంతుల్లో ఒకే ఒక్క పరుగిచ్చి 7 వికెట్లు తీసినప్పుడు ఆ ఎత్తు చూపిన ప్రతాపం టీవీలో చూసినవారు మరిచిపోరు. వెస్టిండీస్‌కే చెందిన మాల్కం మార్షల్ దీనికి పూర్తిగా విరుద్ధం. ఆరడుగులకు కాస్త తక్కువ మనిషి. ఆయన బౌన్సర్, అంటే పొట్టిగా పడి పైకి లేచే బంతి, నిటారుగా లేవక, నేల మీద జారినట్టు వచ్చి గొంతు మీదికి దూసుకువచ్చేది. తలమీదుగా పోయే బంతికి వంగితే చాలు, గొంతుకు వచ్చేదానికి వంగినా ముప్పే, నిలిచినా ముప్పే. 1983లో కాన్పూర్ టెస్టులో ఆయన బంతి తాకిడికి సునీల్ గావస్కర్ చేతిలోని బ్యాట్ జారి పడిపోయింది. మా వీధిలో టీవీ ఉన్న ఒకే ఇంట్లో ఆ దృశ్యం చూసి ముప్పై మందిమి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాం.

ఇక గాలిలో బంతి వంగే సంగతి. దీనిని శాస్త్రీయంగా తేల్చినవారిలో ముఖ్యుడైన రబీ మెహతా, ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో ఇమ్రాన్ ఖాన్‌తో కలిసి బడి జట్టుకు కొత్త బంతి వేసినవాడు. ఆ తరువాత నాసాలో చేరాడు. ఆయనా, సహ పరిశోధకులూ 1983లో నేచర్ పత్రికలో ప్రచురించిన పత్రం నేటికీ ఆధారం. కుట్టును కొద్దిగా స్లిప్ వైపు, అంటే వికెట్ కీపర్ పక్కన ఫీల్డర్లు నిలబడే చోటి వైపు వాల్చి వేసినప్పుడు, ఆ పక్కన బంతిని అంటి పెట్టుకుని పోయే పలుచని గాలి పొరను కుట్టు కలచివేస్తుంది. కలతపడిన గాలి బంతిని ఎక్కువ దూరం వదలదు. రెండో పక్క నునుపు మీద సాఫీగా పోయే గాలి తొందరగా విడిపోతుంది. ఈ తేడా వల్ల బంతి వెనక గాలి ఒక పక్కకు నెట్టబడి, బంతి కుట్టు చూపిన దిక్కుకు వంగుతుంది.

వ్యాఖ్యాతలు "ఆఖర్లో వంగింది" అంటూ అదేదో బౌలర్ మంత్రమన్నట్టు చెబుతుంటారు. నిజానికి ఆ మంత్రం కాలానిది. బంతి బరువులో మూడో వంతు బలం మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా పక్కకు నెట్టిందనుకుందాం. అర సెకనులో బంతి 40 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. కానీ జరిగే దూరం కాలం వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, మొదటి పావు సెకనులో జరిగేది 10 సెంటీమీటర్లే. మిగిలిన 30 సెంటీమీటర్లూ రెండో పావు సెకనులో, అంటే బ్యాట్స్‌మన్ నిర్ణయం తీసుకున్నాక జరుగుతాయి. బ్యాట్ వెడల్పు 10.8 సెంటీమీటర్లకు మించరాదన్న నియమాన్ని దీని పక్కన పెట్టి చూస్తే స్లిప్‌లో అంతమంది ఎందుకు నిలబడతారో అర్థమవుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడి గాలి చెన్నై గాలి కన్నా నూటికి అయిదారు పాళ్ళు పలుచన. ఆ మేరకు వంపు రెండు సెంటీమీటర్లు తగ్గుతుందేమో. మన ఊళ్ళో స్వింగ్ బౌలర్లు పుట్టకపోవడానికి దానిని సాకుగా చెప్పేవారిని ఎరుగుదును, నాకు నమ్మకం లేదు.

వేగం బాగా పెరిగినా, బంతి ఒక పక్క గరుకెక్కినా లెక్క తిరగబడుతుంది. గాలి పొర కుట్టు దాకా రాకముందే రెండు పక్కలా కలతపడిపోతుంది. అప్పుడు కుట్టు గట్టులా అడ్డుపడి, తన పక్కనున్న గాలినే ముందుగా బంతి నుంచి విడదీస్తుంది. బంతి కుట్టు చూపిన దిక్కుకు కాక ఎదురు దిక్కుకు వంగుతుంది. 1979లో మెల్బోర్న్‌లో పాకిస్తాన్ బౌలర్ సర్ఫరాజ్ నవాజ్ 33 బంతుల్లో ఒక్క పరుగిచ్చి 7 వికెట్లు తీసినప్పుడు ఈ విద్యకు పేరు కూడా స్థిరపడలేదు. అదే మైదానంలో 1992 ప్రపంచ కప్ ఫైనల్లో ఆ దేశానికే చెందిన వసీం అక్రం వరుస బంతుల్లో ఇంగ్లండ్ ఆటగాళ్ళు అలన్ లాంబ్‌నూ, క్రిస్ లూయిస్‌నూ బౌల్డ్ చేసిన దృశ్యాన్ని మా ఇంట్లో వీడియో క్యాసెట్ అరిగేదాకా చూశాం. మొదటిది బయటికి పోయింది, రెండోది లోపలికి వచ్చింది. లూయిస్‌కు తప్పు అంటగట్టడానికి నాకు నోరు రాదు.

ఈ వేగానికి శరీరం చెల్లించే మూల్యం తక్కువది కాదు. పరుగెత్తి వచ్చిన బౌలర్ ముందు కాలిని గుంజలా పాతినప్పుడు ఆ కాలి మీద శరీర బరువుకు అయిదారు రెట్ల బలం, కొందరిలో అంతకన్నా ఎక్కువ, పడుతుంది. ఆ కుదుపుతో నడుము పై భాగం ముందుకు విసురుగా తిరిగి చేతికి వేగాన్నిస్తుంది. జొన్నచేలో పిట్టలను తోలే ఒడిసెలకూ దీనికీ సూత్రం ఒకటే, ఆస్ట్రేలియా బౌలర్ జెఫ్ థామ్సన్ చేయి తిప్పే తీరు చూస్తే ఆ పోలిక మరీ స్పష్టం. ఆయన బంతిని వెనక దాచి ఆఖరు క్షణంలో బయటపెట్టేవాడు కనుక, బ్యాట్స్‌మన్‌కు దక్కే అర సెకనులో కూడా కొంత కోత పడేది. ఆయన జోడీ డెనిస్ లిల్లీకి 1973లో వెన్నుపూసలు చిట్లాయి. నెలల తరబడి కట్టుతో ఉండి, పరుగు, చేతివాటం అన్నీ మార్చుకుని తిరిగి వచ్చాడు. 1987లో చెన్నైలో ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్ మొదలైనప్పుడు మన కుర్రవాళ్ళకు నేర్పడానికి వచ్చింది ఆ వెన్నుతోనే.

స్పీడ్ గన్ అంకెల మీద నాకు పెద్ద గౌరవం లేదు. 1975లో పెర్త్‌లో థామ్సన్ వేగం గంటకు 160.45 కిలోమీటర్లని తేలింది. 1979లో ఫాస్ట్ బౌలర్లకు పెట్టిన వేగం పోటీలో అదే మనిషి 147.9తో మొదటి స్థానం పొందాడు; 2003లో కేప్‌టౌన్‌లో పాకిస్తాన్ బౌలర్ షోయబ్ అఖ్తర్ 161.3 వేశాడు. ఎలా కొలిచారు, బంతి చేయి వదిలిన చోట కొలిచారా మరోచోటనా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. అసలు సంగతి, మార్షల్ బౌన్సర్ గొంతు మీదికి రావడం గానీ, థామ్సన్ చేయి ఆలస్యంగా కనిపించడం గానీ ఏ అంకెలోనూ ఉండదు.

2025 ఆగస్టు 4న లండన్ ఓవల్ మైదానంలో మన మహమ్మద్ సిరాజ్ యార్కర్‌తో, అంటే కాళ్ళ దగ్గర పడే బంతితో, ఇంగ్లండ్ ఆటగాడు గస్ అట్కిన్సన్‌ను బౌల్డ్ చేసి, 6 పరుగుల తేడాతో టెస్టు గెలిపించినప్పుడు నాన్నగారి కుర్చీ పక్కన కూర్చుని చూశాను. ఎనభై దాటిన ఆయనకు తెర మూలనున్న అంకె కనబడదు. వికెట్ల దగ్గర అమర్చిన మైకు వల్ల స్టంప్ కూలిన చప్పుడు, స్టంప్ కూలిన దృశ్యంతో పాటే గదిలో వినిపించింది. ఆయన వేలెత్తబోయి ఆగి, "పావు సెకను ఏదిరా?" అన్నారు.