పెచ్చు అడుగున ఏ రంగుంది?

కారు కడుగుతుంటే బానెట్ అంచున గోరంత పెయింట్ పెచ్చు లేచింది. నీళ్ల పైపు కాస్త దగ్గరగా పట్టేసరికి అది అరచేయంత అయింది. అప్పుడు నేను చేసిన మొదటి పని, ఊడిన పెచ్చును నలిపి పారేయడం. రెండో పని, మిగిలిన అంచు చూడటానికి బాగాలేదని గోటితో గీకి సాపు చేయడం. వారంటీ అడగబోతే సర్వీస్ అడ్వైజర్ ఒక్క చూపు చూసి "రాయి తగిలుంటుంది సార్" అన్నాడు. కాదని చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నేనే చెత్తలో పడేశాను.

కంటికి ఒకే రంగుగా కనిపించే కారు పెయింట్ నిజానికి నాలుగైదు పొరల దొంతర. అన్నీ కలిపినా చాలా కార్లలో మందం 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు తలవెంట్రుకలంత. ఫ్యాక్టరీలో ముందు ఉక్కు రేకును కడిగి జింక్ ఫాస్ఫేట్ ద్రావణం పట్టిస్తారు. రేకు మీద ఏర్పడే సన్నని స్ఫటికాలు పైపొరకు పట్టునిస్తాయి. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కొన్ని వందల వోల్టుల కరెంటు పెడతారు. నీళ్లలో ఉన్న ఎపాక్సీ రేణువులు ఆ కరెంటు లాగిన చోటికల్లా, స్ప్రే చేరని సందుల్లోకి కూడా వెళ్లి అంటుకుంటాయి. దీన్ని ఈ-కోట్ అంటారు. మందం 20 మైక్రాన్ల చుట్టుపక్కల. తుప్పును ఆపే భారమంతా ప్రధానంగా దీనిదే. దాని మీద ప్రైమర్, ప్రైమర్ మీద రంగు, అన్నిటికంటే పైన అద్దంలా మెరిసే క్లియర్ కోట్. మనం రోజుల తరబడి ఆలోచించి ఎంచుకున్న ఆ రంగు పొర మందం మాత్రం దాదాపు 15 మైక్రాన్లే. పైనున్న క్లియర్ కోట్ దానికి మూడింతలు ఉంటుంది.

ఈ పొరల్ని కలిపి పట్టుకునే విడి జిగురంటూ ఏదీ లేదు. కింది పొర గరుకుదనం కొంత పట్టునిస్తే, ఓవెన్‌లో కాలేటప్పుడు పై పొర అణువులు కింది పొర అణువులతో ముడిపడి మిగతా పట్టునిస్తాయి. కింది పొర ముందే మితిమీరి కాలిపోయి ఉంటే ముడిపడటానికి అక్కడ ఏమీ మిగలదు. పై పొర ఊరికే దాని మీద కూర్చుంటుంది. కొత్త కారు మెరుపులో ఆ తేడా కనిపించదు. పగలు ఎండకు సాగుతూ, రాత్రి చలికి ముడుచుకుంటూ, అంచుల్లోంచి తడి పీలుస్తూ ఏళ్లు గడిచాక, పట్టు తక్కువున్న చోట పొరలు విడిపోతాయి.

ఎక్కడ విడిపోయిందో చెప్పేది పెచ్చు అడుగుభాగమే. ఊడిన ముక్క ఉల్లిపొరలా పారదర్శకంగా ఉండి, కారు మీద రంగు వెలిసి మిగిలితే పోయింది క్లియర్ కోట్. అందులో కలిపిన అతినీలలోహిత రక్షకాలు ఏళ్ల ఎండకు ఖర్చయిపోతాయి. అందుకే ఇది ఎక్కువగా టాప్ మీద, బానెట్ మీద మొదలవుతుంది. పెచ్చు పైన రంగు, అడుగున ప్రైమర్ ఉండి, కారు మీద నున్నటి ఈ-కోట్ బయటపడితే లోపం ఆ రెంటి మధ్య అతుకులో ఉంది. అడుగున తుప్పు పొడి కనిపిస్తే కథ లోహం దగ్గరే మొదలైంది. రాయి దెబ్బ తీరే వేరు. చిన్న గుంట, మధ్యలో ఒక్కోసారి రేకు తళుకు, చుట్టూ పెయింట్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఒక్క రాయి దెబ్బకు అరచేయంత పెచ్చు లేచిందంటే, రాయి అంతకుముందే ఊగుతున్న అతుకును బయటపెట్టిందనే నేనంటాను.

ల్యాబ్‌లో ఈ పట్టును చూసే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. పదునైన బ్లేడుతో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు కోస్తారు. 25 చిన్న గళ్లు వస్తాయి. వాటి మీద టేప్ అంటించి లాగి, ఎన్ని గళ్లు ఊడాయో చూసి 0 నుంచి 5 వరకు మార్కులేస్తారు. ఐఎస్ఓ 2409 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసే ఈ పరీక్షలో 0 అంటే ఏమీ ఊడలేదని. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి. ఆ గీతలు చూపించి మీరే గీకారంటారు.

ఈ-కోట్ దగ్గర విడిపోవడానికి పాత చరిత్రే ఉంది. ఎపాక్సీ తుప్పుకు యముడే గానీ ఎండకు ఆగదు, సుద్దలా పొడి అవుతుంది. 1980ల చివర, 90ల మొదట్లో అమెరికాలో తయారైన కొన్ని కార్లు, ట్రక్కుల్లో మధ్యనుండే ప్రైమర్‌ను మానేసి ఈ-కోట్ మీదే రంగు కొట్టారు. పలచని రంగులోంచి దూరిన అతినీలలోహిత కిరణాలు కింది ఎపాక్సీని పొడి చేశాయి. రంగు రేకులు రేకులుగా లేచిపోయింది. తర్వాతి రోజుల్లో టయోటా కూడా సూపర్ వైట్, బ్లిజర్డ్ పెర్ల్ అనే రెండు తెలుపు రంగులున్న కొన్ని మోడళ్లలో, ఎండ వల్ల ఈ-కోట్‌కూ ప్రైమర్‌కూ మధ్య పట్టు తగ్గవచ్చని ఒప్పుకుని అమెరికాలో వారంటీ పొడిగించింది. తెల్ల కారుకు ఎండ భయం తక్కువనుకుంటాం కదా! నల్ల రంగులోని మసి రేణువులు వెలుగును పైపైనే మింగేస్తాయి. తెలుపులోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహితాన్ని బాగానే మింగుతుంది గానీ కంటికి కనిపించే వెలుగును చెదరగొడుతుంది. పొర పలచనైతే ఊదా అంచు వెలుగు కొంత కిందికి దిగగలదు.

బంపర్ల సంగతి వేరు. చాలావరకు అవి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. దానికి పెయింట్ సహజంగా అంటదు. మంట తగిలించో, పట్టునిచ్చే ప్రత్యేక ద్రవం పూసో ఒప్పించాలి.

ఇక వారంటీ కాగితం. అందులో తరచూ రెండు వేర్వేరు హామీలుంటాయి. పెయింట్ లోపాలు మామూలు వారంటీ కిందికి వస్తాయి, దాని గడువు తక్కువ. ఎక్కువ ఏళ్లు రాసి ఉండేది తుప్పు వారంటీ. అది చాలాచోట్ల లోపలి నుంచి తుప్పు పట్టి రేకుకు చిల్లు పడితేనే వర్తిస్తుంది. పెచ్చులూడితే ఆ పెద్ద అంకె చూసి ధీమా పడితే దెబ్బతింటాం. రాళ్లు, పక్షి రెట్టలు, చెట్టు జిగురు, రసాయనాలు మినహాయింపుల్లో ఉంటాయి. అందుకే మొదటి పెచ్చు లేచిన రోజే తేదీతో ఫొటోలు తీయాలి. పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి, కారంతా కనిపించేలా ఒకటి. ఊడిన ముక్కను కవర్లో దాచాలి. టచప్ పూయకూడదు, ఆ అంచు మీద నీటి జెట్ కొట్టకూడదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు మందం కొలిచే గేజ్ ఆనిస్తారు. ఉక్కు మీద అది అయస్కాంత సూత్రంతో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్లతో, అంటే లోహంలో పుట్టించే సుడి కరెంట్లతో పనిచేస్తుంది. 120 మైక్రాన్ల దగ్గర చూపిస్తే ఫ్యాక్టరీ పెయింటే అనుకోవచ్చు. 200 దాటి పోతుంటే మళ్లీ కొట్టిన పెయింటని అనుమానిస్తారు. ఐదారు వందలు దాటితే కింద పుట్టీ ఉందన్నట్టే. పాత రిపేర్ మీద ఊడిన పెయింట్‌కు కంపెనీ బాధ్యత తీసుకోదు. సెకండ్ హ్యాండ్ కారైతే ఆ సంగతి మీకూ తెలియకపోవచ్చు. కాబట్టి కొలిచినప్పుడు పక్కనే నిలబడి, అంకెలు జాబ్ కార్డులో రాయించుకోండి.

క్లెయిమ్ ఒప్పుకున్నాక అసలు ప్రశ్న ఎంత లోతుకు గీకుతారన్నది. ఊడిన చోటే నున్నగా చేసి పైన కొత్త రంగు కొడితే, పక్కనున్న పెయింట్‌కు పట్టు పెరగదు. ఆ పాత పెయింట్ లేచినప్పుడు తన మీదున్న కొత్త పెయింట్‌నూ వెంటబెట్టుకుని లేస్తుంది. విడిపోయింది ఈ-కోట్ దగ్గరైతే ఆ ప్యానెల్ మీది పెయింట్ మొత్తాన్ని అక్కడిదాకా గీకేయాలి. రేకు బయటపడిన చోట ముందు ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. ఫ్యాక్టరీలో వట్టి బాడీని 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. వైర్లు, సీట్లు, డ్యాష్‌బోర్డు బిగించిన కారును అంత వేడిలో పెట్టలేరు, రిపేర్ షాపు పెయింట్ బూత్‌లో సాధారణంగా 60 డిగ్రీల దగ్గరే ఆపుతారు. ఆ వేడికే గట్టిపడేలా పెయింట్‌లో ఐసోసయనేట్ హార్డెనర్ కలుపుతారు. ఊపిరితిత్తులకు అది ప్రమాదకరం. పెయింటర్‌కు బయటి గాలి అందించే మాస్కు లేని షాపును నేనైతే నమ్మను.

బండి తీసుకునేటప్పుడు రంగును ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులో, రెండు మూడు కోణాల నుంచి చూడండి. మెటాలిక్ రంగుల్లో కలిపిన సన్నని లోహపు రేకల వాలు మారితే పక్క తలుపు వేరే కారుదిలా కనిపిస్తుంది. ఆ జాబ్ కార్డును బండి కాగితాలతోనే ఉంచండి. రేపు అమ్మబోతే కొనేవాడి గేజ్ ఆ ప్యానెల్ మీద 200 పైన చూపించవచ్చు. అది యాక్సిడెంట్ రిపేర్ కాదని చెప్పేది ఆ కాగితమే.