కొత్త మందు కోసం: కల్లం అంజిరెడ్డి ప్రస్థానం

మందులను చవకగా తయారు చేయడంలో హైదరాబాద్‌కు ప్రపంచమంతటా పేరుంది గానీ, కొత్త మందును కనిపెట్టడంలో అంత పేరు రాలేదు. ఈ తేడా ఎలా ఏర్పడిందో, దాన్ని చెరిపేయడానికి జరిగిన తొలి పెద్ద ప్రయత్నం ఎక్కడ ఆగిందో తెలియాలంటే డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డి జీవితాన్ని చూడాలి.

గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన ఆయన, బొంబాయిలోని రసాయన సాంకేతిక విద్యాసంస్థ యూడీసీటీలోనూ పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలోనూ చదివి, 1969లో హైదరాబాద్ ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్)లో ఉద్యోగానికి చేరారు. సోవియట్ సహకారంతో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ఆ కర్మాగారమే ఈ నగర ఔషధ పరిశ్రమకు బడి. అక్కడ పని నేర్చుకున్నవారు ఎందరో తరువాత సొంత యూనిట్లు పెట్టుకున్నారు.

వారికి దారి తెరిచింది 1970 నాటి పేటెంట్ల చట్టం. 1972లో అమలులోకి వచ్చిన ఆ చట్టం మందుకు కాక, దాన్ని తయారు చేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. అంటే అదే మందును వేరే రసాయన మార్గంలో చేయగలిగినవారిని అడ్డుకునే వీలు లేదు. భాగస్వాములతో కలిసి యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ సంస్థలను నడిపిన అంజిరెడ్డి, 1984లో 25 లక్షల రూపాయల పెట్టుబడితో సొంత సంస్థను ప్రారంభించారు. రక్తపోటుకు వాడే మిథైల్‌డోపాతో ఎగుమతులకు పునాది పడింది. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లకు వాడే నార్‌ఫ్లాక్ససిన్, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ వంటి మందులు సామాన్యులకు అందే ధరకు దిగివచ్చాయి. అయితే బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే అసలు రసాయనం) తయారుచేసే యూనిట్ల వ్యర్థాలు పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల నీటిని పాడుచేసిన సంగతిని వదిలేస్తే ఈ పరిశ్రమ చరిత్ర పూర్తి కాదు.

సేవారంగంలో ఆయన చూపు చదువు మీద, ఉపాధి మీద నిలిచింది. 1996లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్, 1998లో నాంది ఫౌండేషన్ ఏర్పడ్డాయి. మొదటిది పేద యువతకు ఉద్యోగ నైపుణ్యాలు నేర్పింది. రెండోది బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం, పల్లెలకు తాగునీరు అందించే పనులు చేపట్టింది.

ఆయన మనసంతా మాత్రం పరిశోధన మీదే. ప్రపంచ వాణిజ్య ఒప్పందంతో 2005 నుంచి మందులకే పేటెంట్లు ఇవ్వక తప్పని పరిస్థితి రాబోతుండగా, ఆయన అంతకు పన్నెండేళ్ల ముందే, 1993లో, రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. అక్కడ రూపొందిన మధుమేహ ఔషధ అణువు బాలాగ్లిటాజోన్‌ను 1997లో డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్ లైసెన్సుకు, అంటే మందుగా అభివృద్ధి చేసే హక్కుతో, తీసుకుంది. భారతీయ సంస్థ అణువుకు అలాంటి గౌరవం దక్కడం అప్పట్లో అపూర్వం. కానీ ఆ తరువాత అదే సంస్థకు ఇచ్చిన మరో మధుమేహ అణువు రాగాగ్లిటాజార్ ఎలుకలలో మూత్రాశయ కణితులకు కారణమవుతోందని తేలడంతో 2002లో పరీక్షలు ఆగిపోయాయి. దీన్ని వైఫల్యమని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు; ఎంతో పెద్ద బహుళజాతి సంస్థల అణువులు కూడా ఇదే దశలో రాలిపోతుంటాయి. తేడా ఏమిటంటే, ఒకటి పోతే మరో పదింటిని పరీక్షించే పెట్టుబడి వాటికి ఉంటుంది. 2013 మార్చి 15న అంజిరెడ్డి కన్నుమూసేనాటికి ఆయన ప్రయోగశాలలో పుట్టిన కొత్త అణువు ఏదీ మందుగా మార్కెట్టుకు చేరలేదు.