పైథాన్‌కి తెలుగు అంకెలొచ్చు

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వయసు అడిగే చిన్న ప్రోగ్రామ్ రాసి చూపిస్తూ, "మామయ్యా, ఎవరైనా తెలుగులో ౧౯ అని కొడితే ఇది ఆగిపోతుంది కదా?" అన్నాడు. కొట్టి చూడమన్నాను. ఏ గొడవా లేకుండా 19 వచ్చింది. వాడి మొహం చూడాలి!

కీబోర్డులో ఏది కొట్టినా ప్రోగ్రామ్‌కి ముందు అక్షరాలుగానే అందుతుంది. అలాంటి "19"కి ఇంకో "19" కలిపితే 38 రాదు, "1919" వస్తుంది. దాన్ని పూర్ణాంకంగా మార్చేది 'ఇంట్' అనే ఫంక్షన్. కాలేజీల్లో దీన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టించి వదిలేస్తారు. అసలు మజా అంతా దాని లోపలే ఉంది.

యూనికోడ్ అనేది కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక, అందులో ప్రతి అక్షరానికీ ఒక నంబరుంటుంది. మామూలు 0కి 48, 9కి 57. మన ౦కి 3174, ౯కి 3183. అంకె నంబరులోంచి దాని సున్నా నంబరు తీసేస్తే విలువ తేలుతుంది: 57−48 అన్నా తొమ్మిదే, 3183−3174 అన్నా తొమ్మిదే. ఇక ఎడమ నుంచి వస్తూ, చేతిలో ఉన్నదాన్ని పదితో హెచ్చించి కొత్త అంకె కలపడమే. ౩౭౫ అయితే ముందు 3, తర్వాత 3×10+7=37, ఆపైన 37×10+5=375. ౩7౫ అని కలగాపులగంగా ఇచ్చినా పైథాన్ 375 అనే అంటుంది. జావాస్క్రిప్ట్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషకి ఇంత ఓపిక లేదు, ౩౭౫ని సంఖ్యే కాదు పొమ్మంటుంది.

అక్షరాల్లోంచి సంఖ్య తీయడం మన సంగీతంవాళ్ళకి పాత విద్యే. కటపయాది పద్ధతిలో క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ట నుంచి ధ వరకు మళ్ళీ 1 నుంచి 9, ప నుంచి మ వరకు 1 నుంచి 5, య నుంచి హ వరకు 1 నుంచి 8. ఞ, న సున్నాలు. ధీరశంకరాభరణం అనే రాగం పేరులో మొదటి రెండు అక్షరాలు తీసుకుంటే ధ 9, ర 2. పైథాన్ లెక్కన అది 92. కానీ ఇక్కడ మొదటి అక్షరం ఒకట్ల స్థానం, రెండోది పదుల స్థానం. కాబట్టి 29, అదే మేళకర్తల్లో, అంటే కర్ణాటక సంగీతపు మూల రాగాల వరసలో, ఆ రాగం సంఖ్య. మేచకల్యాణికి మ 5, చ 6, అంటే 65. మాయామాళవగౌళకి 15. పట్టిక వేరు, నడిచే దిక్కు వేరు, పదుల లెక్క మాత్రం ఒకటే. అదృష్టం కోసం పేరులో అక్షరాలు పెంచుకునే న్యూమరాలజీలో ఈ స్థానాల గొడవే లేదు, ఊరికే కూడేస్తారు. పేరులో అక్షరాలు అటూ ఇటూ చేసినా మొత్తం మారదు!

పాత తెలుగు లెక్కల్లో పావు, వీసం లాంటి భిన్నాలు రాసే గుర్తులు 2008లో యూనికోడ్‌లో చేరాయి. వాటిని మాత్రం ఇంట్ తీసుకోదు, అవి పదుల లెక్క అంకెలు కావు మరి.

అక్షరాలుగా "3.7" ఇచ్చినా ఎర్రరే, చుక్క అంకె కాదు కాబట్టి. అదే 3.7ని సంఖ్యగా ఇస్తే మారుమాట లేకుండా తోక కోసి 3 చేతిలో పెడుతుంది. −3.7కి −3, −4 కాదు. దీనితోనే అసలు టెన్షన్. 19.99 రూపాయల్ని పైసలు చేద్దామని 100తో హెచ్చిస్తే కంప్యూటర్‌లో 1998.9999999999998 వస్తుంది. ఇంట్ దాన్ని 1998 చేస్తుంది, ఒక పైసా గల్లంతు. అక్కడ దగ్గరి పూర్ణాంకానికి మార్చే రౌండ్ వాడితే 1999 వస్తుంది.

ఇదంతా చెప్పి తల తిప్పేసరికి మావాడు "పందొమ్మిది" అని అక్షరాల్లో కొట్టి, ఎర్రర్ చూసి నవ్వుతున్నాడు.