పడ్డ స్తంభానికి డబ్బుంది, పడబోయేదానికి?

2013 అక్టోబర్ 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. ఈసారి లక్షల మందిని ముందే ఖాళీ చేయించడంతో మరణాలు పదుల్లోనే ఆగాయి. కానీ తెల్లారి చూస్తే బరంపురం రోడ్ల మీద కరెంటు స్తంభాలు అడ్డంగా పడున్నాయి. కరెంటు లేక మోటార్లు తిరగలేదు, కుళాయిలు రాలేదు. సెల్ టవర్లు పనిచేసింది డీజిల్ అయిపోయేదాకానే. మా వీధిలో బావి ఉన్న ఇంటివాళ్లే ఆ వారం పెద్దమనుషులు.

మనుషుల్ని కాపాడటం నేర్చుకున్న ప్రభుత్వానికి స్తంభాన్ని కాపాడటం ఎందుకు చేతకాలేదు? జవాబు డబ్బు వచ్చే దారిలో ఉంది. కేంద్రం డబ్బులో రాష్ట్రాల వాటా తేల్చేది ఆర్థిక సంఘం. తొమ్మిదో ఆర్థిక సంఘం సిఫారసుతో 1990లో విపత్తు సహాయ నిధి మొదలైంది. 2010లో పేరు మారినా పని అదే: విపత్తు వచ్చాక సాయం, తక్షణ మరమ్మతు. అప్పట్లో పడ్డదాన్ని నిలబెట్టడానికి పద్దు ఉండేది, పడకుండా గట్టిపరచడానికి ఉండేది కాదు. ఆ రెండో పద్దు, అంటే ముప్పు తగ్గించే నిధి, 2005 విపత్తు చట్టంలోనే రాసి ఉంది. చేతికి డబ్బు రావడానికి మాత్రం పదిహేనో ఆర్థిక సంఘం దాకా ఆగాల్సి వచ్చింది. 2021-26కి రాష్ట్రాలన్నిటికీ కలిపి 1,60,153 కోట్లు లెక్కగట్టి, అందులో 20 శాతం దానికి కేటాయించారు.

డబ్బు వచ్చాక అసలు తగువు మొదలవుతుంది: ముందు ఏ కరెంటు లైను గట్టిపరచాలి? ఇందుకు వాడే లెక్క చెప్పుకుంటే తేలికే. గట్టిపరిచే ఖర్చు ఒకవైపు, రాబోయే ఏళ్లలో తప్పే నష్టం ఇంకోవైపు. ఫైలిన్ వచ్చిన ఏడాదికి అదే తారీఖున హుద్‌హుద్ విశాఖను కొట్టింది. తర్వాత అక్కడ ప్రపంచ బ్యాంకు అప్పుతో తీగల్ని భూమిలోకి దించారు. ఇళ్లు ఒత్తుగా ఉన్నచోట లెక్క గిట్టుతుంది. కొండ మీద పది గడపల ఊరికి గిట్టదు.

మరి దెబ్బ తగిలింది ఎక్కడ? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఇవతల ఒడిశాలోని గజపతి జిల్లా బరఘరా ఊళ్లో, వానకు తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. తుఫాను లెక్కల్లో మనం చూసేది గాలి, ఉప్పెన. ఆ జిల్లా కేంద్రం పర్లాకిమిడి వైపువాళ్లకు సముద్రం కనబడదు కాబట్టి భయమూ ఉండేది కాదు.

కేంద్రం దగ్గర ఇప్పుడు కోస్తా రాష్ట్రాల కోసం ముప్పు పటం ఉంది. తుఫాను అంచనాను బట్టి గాలి, ఉప్పెన, వరద ఎక్కడెక్కడ ఎంత ఉంటాయో చూపిస్తుంది. దాన్ని నిధుల పంపకానికీ వాడితే బాగుండేది. పంపకం మాత్రం రాష్ట్రాలకు ముప్పును బట్టి మార్కులు వేసే వేరే సూచికతో జరిగింది. అందులో తుఫాను, వరదలతోపాటు పేదరికానికీ మార్కులున్నాయి. అది నాకు న్యాయంగానే తోచింది. కాకపోతే ఆ మార్కులు రాష్ట్రం మొత్తానికి ఒకటే. బరంపురానికి వేరుగా, బరఘరాకు వేరుగా లేవు.