ఫ్రాంకుల రాతి శవపేటికలు: నేను తరచూ వినే అపోహలు

నా పని పాత రాతి శవపేటికలకు కొలతలు తీసి, బొమ్మలు గీసి, వాటి మీది ఉలి గుర్తులను నమోదు చేయడం. ఇప్పటి ఫ్రాన్స్‌ను ఫ్రాంకులనే జర్మానిక్ జాతికి చెందిన మెరోవింజియన్ వంశపు రాజులు ఏలిన కాలం నాటివి అవి, అంటే 5వ శతాబ్దం చివర నుంచి 8వ శతాబ్దం నడిమి దాకా. ఈ సంగతి చెప్పగానే ఎవరైనా దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు. వాటి వెనకున్న అపోహల గురించే ఇది.

అపోహ: రాతి పేటిక రాజులకే.

లువార్ నదికి దక్షిణాన దూఏ-లా-ఫోంతేన్ అనే ఊళ్ళో నేల కింద ఒక పాత క్వారీ ఉంది. అక్కడి రాయి సముద్రపు గవ్వల పొడి గట్టిపడి ఏర్పడింది, మెత్తగా ఉండి తేలిగ్గా తెగుతుంది. తల వైపు వెడల్పుగా, కాళ్ళ వైపు సన్నగా పేటికలను అక్కడే తొలిచి తీసిన ఖాళీలు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ తయారైనవి 30 వేలకు పైనే అని అంచనా. అంతమంది రాజులు ఎక్కడి నుంచి వస్తారు? ఇక పారిస్ చుట్టుపక్కల ప్లాస్టర్‌కు ముడిసరుకైన జిప్సం దండిగా దొరుకుతుంది కాబట్టి, చెక్కలు బిగించి ప్లాస్టర్‌తోనే పేటికలు పోతపోసేవారు.

అపోహ: ఒక పేటికకు ఒకే మనిషి, మూత వేస్తే మళ్ళీ తీయరు.

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయింది ఇదే. కొంత తప్పు మన మాటది కూడా. శవపేటిక అనగానే శవాన్ని పెట్టి మోసుకెళ్ళే పెట్టె కళ్ళ ముందుకొస్తుంది. కానీ వందల కిలోల రాయిని శవంతో సహా ఎవరూ మోయరు. తొట్టిని ముందే నేలలో దించేవారు, శవాన్ని తెచ్చి అందులో పడుకోబెట్టి మూత వేసేవారు. అవసరమైతే ఆ మూతను మళ్ళీ తీయొచ్చు, తీసేవారు కూడా.

లోపల ఎలా ఉంటుందో చెప్తాను. మధ్యలో ఒక అస్థిపంజరం వెల్లకిలా, ఏ ఎముకా చెదరకుండా ఉంటుంది. దాని కాళ్ళ దగ్గర ఇంకో మనిషి తొడ ఎముకలు కట్టెల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి, గోడకు ఆనించి ఒక పుర్రె. ముందు పోయినవాళ్ళను కాస్త జరిపి, కొత్తగా పోయినవాళ్ళకు చోటు ఇచ్చారన్నమాట. ఫ్రాంకుల సాలిక్ చట్టంలో, రాతి పేటికలో ఒక శవం మీద ఇంకో శవాన్ని పెట్టినవాడికి జరిమానా ఉంది. చట్టం రాయాల్సి వచ్చిందంటే అలా జరుగుతోందనే కదా. పరాయివాళ్ళు చొరబడకుండా ఆపడానికే అది రాశారని నా నమ్మకం. ఎందుకంటే అంత పొందికగా పేర్చిన ఎముకలు చూస్తే, సొంతవాళ్ళ చేతులే కనిపిస్తాయి నాకు.

అపోహ: నగలతో పూడ్చారంటే వాళ్ళు క్రైస్తవులు కారు.

1959లో పారిస్ దగ్గరి సాన్ దెనీ చర్చి నేల కింద మిషెల్ ఫ్లూరీ ఒక రాతి పేటిక తెరిచారు. లోపల ఒక స్త్రీ, బంగారు జరీ పని చేసిన దుస్తుల చేతుల అంచులు, నగలు. వేలి ఉంగరం మీద అర్నెగుండిస్ అని పేరు. మొదటి క్లోతార్ రాజు భార్య, చిల్పెరిక్ తల్లి అయిన రాణి ఆమేనని పరిశోధకులు గుర్తించారు. క్రైస్తవ రాజకుటుంబం, పైగా ఒక సెయింట్ సమాధికి దగ్గరలో చోటు. నగలతో పూడ్చడాన్ని అప్పటి చర్చి నిషేధించలేదు. తూర్‌కు చెందిన బిషప్ గ్రెగరీ 6వ శతాబ్దంలోనే రాశాడు: మెట్జ్‌లో చర్చిలో బంగారంతో పూడ్చిన ఒక స్త్రీ సమాధిని గుంత్రామ్ బోసో అనే ప్రభువు మనుషులు దోచుకున్నారని. ఆయన తప్పుపట్టింది దోపిడీనే. నగలు హోదాను, కుటుంబాన్ని చెప్తాయి. వాటిని చూసి మతాన్ని తేల్చేయకూడదు.

అపోహ: గవ్వ చెక్కి ఉంటే అది తీర్థయాత్రికుల సమాధి.

కాదు. జువార్ మఠం భూగర్భ గదిలో మొదటి మఠాధిపతి తెయోదెషిల్ద్ పేటిక మీద పెద్ద పెద్ద గవ్వలు వరసగా చెక్కి ఉన్నాయి, మధ్యలో లాటిన్ అక్షరాలు. గవ్వ స్పెయిన్‌లోని సాంతియాగోకు వెళ్ళే యాత్రికుల గుర్తుగా మారింది 11, 12 శతాబ్దాల్లో. రోమన్లు అంతకు చాలా ముందే సమాధుల మీద దాన్ని చెక్కేవారు.

అపోహ: నేల కింది గది దొరికితే అది అమరవీరులదే.

ఈ అపోహలో పడ్డవాళ్ళు సామాన్యులు కారు. 1878లో పొయ్‌తియే ఊరి అంచున కామీ ద లా క్రువా అనే ఫాదర్ ఒక భూగర్భ సమాధి గదిని తవ్వి తీశారు. మెట్ల మీద చెక్కిన పాములు, చేపలు, తీగలు. ఒక రాతి మీద కట్టేసిన ఇద్దరు మనుషుల బొమ్మలు, క్రీస్తుతో పాటు శిలువ వేసిన దొంగలు కావొచ్చు. ఆయన దాన్ని అమరవీరుల గుడి అనుకుని 1883లో పుస్తకం వేశారు. నిజానికి అది మెల్లెబోద్ అనే మఠాధిపతి తన కోసం కట్టించుకున్న సమాధి గది. ఆ పేరు అక్కడి శాసనంలోనే ఉంది. గోడల మీది ఇంకో వాక్యం భావం ఇది: ప్రతిదీ రోజురోజుకూ చెడుతోంది, అంతం దగ్గరపడుతోంది. ఆ మాట చెక్కించి కూడా, తన కట్టడాన్ని పాడుచేసేవాడికి శాపం రాయించాడాయన. అంతం దగ్గరపడిందని నమ్మిన మనిషి కూడా తన రాయి నిలవాలనే కోరుకున్నాడు.