సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వేల గంటలు ఎగిరిన కెప్టెన్‌ను సిమ్యులేటర్‌లో (నేల మీదే విమానం నడపడం నేర్పే యంత్రం) ఇన్‌స్ట్రక్టర్‌గా కూర్చోబెడితే చాలు, నేర్పడం అదే వస్తుంది.

వాస్తవం: నడపడం వేరు, నేర్పడం వేరు. సిమ్‌లో (సిమ్యులేటర్‌లో) ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరే ఏటీసీగా (విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌గా), క్యాబిన్ సిబ్బందిగా, గ్రౌండ్ ఇంజనీర్‌గా మాట్లాడాలి. ప్యానెల్ మీద ఫెయిల్యూర్లు (ఉత్తుత్తి లోపాలు) వేస్తూనే ఇద్దరు పైలట్లలో ఎవరి చూపు ఎటుందో, ఏ కాల్‌ఔట్ (పైలట్ పైకి చెప్పాల్సిన మాట) తప్పిపోయిందో రాసుకోవాలి. లాగ్‌బుక్‌లోని గంటలు ఈ పని నేర్పవు.

అపోహ: సిమ్యులేటర్ లెవెల్ డి (అత్యున్నత స్థాయి) అయితే ఎవరు నేర్పినా ఒకటే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో టేకాఫ్ అయిన కాసేపటికే అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం, ముందు వెళ్లిన 747 వదిలిన గాలి సుడిలో పడింది. ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడళ్లను అటూ ఇటూ బలంగా తొక్కడంతో నిలువు తోక విరిగి ఊడిపోయింది. 265 మంది చనిపోయారు. రడ్డర్ డిజైన్‌తో పాటు ఆ విమాన సంస్థ శిక్షణ కూడా ఇందుకు తోడైందని అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు బోర్డు ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఆ శిక్షణలోని ఒక సిమ్ ఎక్సర్‌సైజులో గాలి సుడి పేరుతో విమానాన్ని బాగా ఒరగబెట్టేవారు. కొంత కోణం దాటేదాకా పైలట్ ఏం చేసినా కంట్రోల్స్ స్పందించకుండా ఆపేవారు. ఇలా నేర్చుకుంటే, సుడి తగలగానే గట్టిగా తిప్పాలని కాళ్లూ చేతులూ గుర్తుపెట్టుకుంటాయి.

పైగా సిమ్ ఆరు కాళ్ల మీద కదిలే పెట్టె. జి బలాన్ని (మలుపుల్లో, పైకి లాగినప్పుడు ఒంటి మీద పడే భారం) నిలకడగా చూపలేదు. అప్‌సెట్ రికవరీలో (అదుపు తప్పిన విమానాన్ని సరిచేసేటప్పుడు) పైలట్ కంట్రోల్ ఎంత లాగినా ఒంటికి తెలియదు. అదే చేత్తో నిజం విమానంలో లాగితే ఫ్లాప్స్ (రెక్కల వెనక తెరుచుకునే పలకలు) మూసి ఉన్నప్పటి 2.5 జి పరిమితి దాటిపోవచ్చు. ప్యానెల్ మీద ఆ అంకె చూసి చెప్పాల్సింది ఇన్‌స్ట్రక్టరే.

అపోహ: ఎత్తు తగ్గకుండా స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) నుంచి బయటపడితేనే పాస్.

వాస్తవం: ఇది పాత కొలత. 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ 3407 విమానంలో స్టిక్ షేకర్ (స్టాల్ దగ్గరపడిందని కంట్రోల్‌ను వణికించే హెచ్చరిక) మోగగానే కెప్టెన్ ముక్కు పైకి లాగాడు. 50 మంది పోయారు. ఇప్పుడు మొదటి పని ముక్కు దించి యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) తగ్గించడం. ఎత్తు ఎంత పోయిందని ఇంకా అడుగుల్లో మార్కులు వేసే ఇన్‌స్ట్రక్టర్ తప్పు నేర్పుతున్నట్టే.

అపోహ: ఫెయిల్యూర్ మీద ఫెయిల్యూర్ వేసేవారే గట్టి ఇన్‌స్ట్రక్టర్.

వాస్తవం: ఒక్కటి వేసి, చివరిదాకా నడవనివ్వాలి. ప్రతిసారీ సరిగ్గా వీ1 (టేకాఫ్ ఆపేయడానికి ఆఖరి వేగం) దగ్గర అదే ఇంజన్ ఆపితే పైలట్ కాలు ముందే సిద్ధంగా ఉంటుంది. ఒకసారి వీ1కి ముందు, ఒకసారి 400 అడుగుల్లో ఆపాలి. ఒక్కోసారి అసలు ఆపకూడదు.

అపోహ: డీబ్రీఫింగ్ (సెషన్ అయ్యాక జరిపే సమీక్ష) అంటే తప్పుల జాబితా చదవడం.

వాస్తవం: "రడ్డర్ ఆలస్యమైంది" అంటే ఏమీ తేలదు. "ఇంజన్ పోయిందని మీకు మొదట ఏది చెప్పింది?" అని అడగాలి. వార్నింగ్ చప్పుడు అని జవాబొస్తే, చూపు రన్‌వే సెంటర్‌లైన్ మీద లేదన్నమాట. ముక్కు పక్కకు తిరిగింది అంటే చూపు సరైన చోటే ఉంది, కాలు కదలలేదు. అప్పుడు సీటు, పెడళ్ల సర్దుబాటు నుంచి మొదలుపెట్టాలి.